మంచు మీద ఆట, ఒంటికి ఎంత పని?

ఈ పాఠం 9 నుంచి 14 ఏళ్ళ పిల్లల తరగతుల కోసం. టీచర్లు ముందుగా చదువుకుని తరగతిలో చెప్పాలి, తల్లిదండ్రులు ఇంట్లో చదువుకోవాలి. మీ తరగతిలో ఐస్ హాకీ ఆడేవాళ్ళు ఒక్కరూ లేకపోయినా పరవాలేదు. ఫుట్‌బాల్, స్కేటింగ్, బ్యాడ్మింటన్ ఏది ఆడే పిల్లలకైనా ఇందులోని మాటలు పనికొస్తాయి.

ఈ పాఠం ఎందుకు?

మా తరగతిలో పదేళ్ళ బాబు ఒకడు ఉండేవాడు. గురువారం సాయంత్రం రింకులో హాకీ సాధన, శుక్రవారం పొద్దున తెలుగు తరగతి. ఒక శుక్రవారం చాప మీద కూర్చోమంటే కూర్చోలేకపోయాడు. "ఏమైంది నాన్నా?" అంటే "నొప్పి" అన్నాడు. "ఎక్కడ?" అంటే "లెగ్" అన్నాడు. "ఎలా ఉంది నొప్పి?" అని అడిగితే, "జస్ట్ నొప్పి, టీచర్" అన్నాడు.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో వాళ్ళ అమ్మమ్మ అడిగింది: "పోటు పెడుతోందా, లాగుతోందా, తిమ్మిరెక్కిందా? కూర్చుంటే ఎక్కువా, నడిస్తే ఎక్కువా?" వాడికి ఒక్క మాటా అర్థం కాలేదు. వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఒక్కో మాటా చేసి చూపిస్తే, "లాగుతోంది" దగ్గర "అదే, అదే!" అన్నాడు. మర్నాడు డాక్టర్ చూసి, గజ్జలో కండరం సాగి కొంచెం చిరిగిందని చెప్పారు. అప్పటికి రెండు వారాలుగా వాడు ఆ నొప్పితోనే ఆడుతున్నాడు.

వాడికి తెలుగు రాకపోవడం ఒక్కటే కాదు సమస్య. ఇంగ్లీషులోనూ వాడి దగ్గరున్నవి "పెయిన్", "హర్ట్స్" అనే రెండు మాటలే. ఒంట్లో ఏం జరుగుతోందో గమనించడం, దాన్ని మాటల్లో పెట్టడం ఎవరూ నేర్పలేదు. ఆ పని తెలుగు తరగతి చేయగలదు. ఒంటి బాధలకు తెలుగులో ఉన్నన్ని మాటలు పిల్లలు స్కూల్లో వినరు. ఐస్ హాకీ లాంటి ఆటకు ఆ మాటల అవసరం ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఈ ఆటలో అలసట, దాహం, దెబ్బ, మూడూ పైకి కనిపించవు. ఎందుకు కనిపించవో ఒక్కొక్కటే చూద్దాం.

ఒమన్‌లో ఐస్ హాకీయా?

బయట 40 డిగ్రీల ఎండ కాస్తుంటే లోపల మంచు మీద ఆట ఏమిటని ఊళ్ళో తాతయ్యలు అడుగుతారు. కానీ గల్ఫ్‌లో ఈ ఆట కొత్తేం కాదు. 2010లో కువైట్‌లో జరిగిన గల్ఫ్ ఐస్ హాకీ పోటీల్లో ఒమన్ జట్టు ఆడింది. 2014లో ఒమన్ అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో సభ్యదేశం అయింది. మన బురైమీకి ఆనుకునే ఉన్న అల్ ఐన్‌లో 2025లో మహిళల ఆసియా కప్ జరిగితే, భారత అమ్మాయిలు కాంస్య పతకం గెలిచారు. ఆ జట్టుకు పట్టుకొమ్మ లదాఖ్. సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ చుట్టుపక్కల, చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద అక్కడి పిల్లలు ఈ ఆట నేర్చుకుంటారు.

తెలుగు పిల్లలకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2024 జనవరిలో మస్కట్‌లోనే హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్ జరిగింది. అది మంచు మీద ఆడేది కాదు, మామూలు మైదానం మీద ఐదుగురు చొప్పున ఆడే హాకీ. అందులో భారత మహిళల జట్టు కెప్టెన్ మన చిత్తూరు ప్రాంతపు గోల్‌కీపర్ రజని ఎతిమరపు. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడినా, రెండో స్థానంలో నిలిచి రజతం తీసుకెళ్ళారు.

ఈ హాకీ ఫైవ్స్‌కీ ఐస్ హాకీకీ రెండు పోలికలున్నాయి. రెండింటిలోనూ ఆటస్థలం చుట్టూ అడ్డుగోడ ఉంటుంది. బంతి గోడకు కొట్టుకుని మళ్ళీ లోపలికే వస్తుంది కాబట్టి ఆట ఆగదు, ఊపిరి పీల్చుకునే సందు దొరకదు. అందుకే రెండింటిలోనూ ఆట నడుస్తుండగానే ఎన్నిసార్లయినా ఆటగాళ్ళను మార్చుకోవచ్చు. రజని జట్టు మ్యాచ్ చూసిన పిల్లలుంటే, వాళ్ళచేతే ఈ సంగతి చెప్పించండి.

ఆట గురించి నాలుగు ముక్కలు

తరగతిలో దీనికి ఐదు నిమిషాలు చాలు. రింకు పొడవు సుమారు 60 మీటర్లు, వెడల్పు 26 నుంచి 30 మీటర్లు. ఒక్కో వైపు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. బంతి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది: 2.5 సెంటీమీటర్ల మందం, 7.6 సెంటీమీటర్ల వెడల్పు, బరువు 156 నుంచి 170 గ్రాములు. ఎగిరిపడకుండా ఉండేందుకు మ్యాచ్‌కి ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెడతారు. 2012లో జ్దెనో చారా అనే ఆటగాడు కొట్టిన దెబ్బకు ఆ బిళ్ళ గంటకు 175 కిలోమీటర్ల వేగంతో వెళ్ళింది. కాలి కింద స్కేటు బ్లేడు మందం దాదాపు 3 మిల్లీమీటర్లే. ఆ సన్నటి అంచు మీద నిలబడి పరిగెత్తాలి, ఆగాలి, తిరగాలి, అదే సమయంలో చేతిలో కర్ర ఆడించాలి.

కనిపించని అలసట: 45 సెకన్ల కూత

పెద్దల ఐస్ హాకీలో ఒక ఆటగాడు ఒకసారి మంచు మీదికి వెళ్తే 30 నుంచి 60 సెకన్లు మాత్రమే ఉంటాడు. మామూలుగా 45 సెకన్లు. దీన్ని షిఫ్ట్ అంటారు. తర్వాత బెంచీ మీదికి వచ్చి రెండు మూడు నిమిషాలు కూర్చుంటాడు. 60 నిమిషాల మ్యాచ్‌లో పెద్ద పెద్ద ఆటగాళ్ళు కూడా మంచు మీద గడిపేది 15 నుంచి 25 నిమిషాలే.

గాలరీలో కూర్చున్న అమ్మానాన్నలకు ఇది చూస్తే, "ఎక్కువసేపు బెంచీ మీదే కదా ఉన్నాడు, అంత అలసట ఏముంది?" అనిపిస్తుంది. కబడ్డీతో పోల్చి చూడండి. కూతకు వెళ్ళినవాడికి దొరికేది 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో ఒంట్లో ఉన్నదంతా పెట్టాలి. తిరిగొచ్చాక రొప్పుతూ నిలబడతాడు. ఐస్ హాకీ షిఫ్ట్ కూడా అలాంటి కూతే. కాకపోతే ఒక మ్యాచ్‌లో అలాంటివి 20 పైచిలుకు ఉంటాయి. షిఫ్ట్ చివరికి గుండె వేగం దాని గరిష్ఠ వేగంలో 90 శాతం దాకా పోతుంది. బెంచీ మీద కూర్చున్నది విశ్రాంతిగా కనిపిస్తుంది గానీ, లోపల గుండె, ఊపిరితిత్తులు తర్వాతి కూతకు కండరాలను సిద్ధం చేస్తూనే ఉంటాయి.

ఒంట్లో ఈ శక్తి ఎక్కడిది అని పిల్లలు అడిగితే పొయ్యితో చెప్పొచ్చు. కర్పూరం అంటిస్తే భగ్గుమంటుంది, క్షణాల్లో అయిపోతుంది. ఎండు కొబ్బరాకులు ఇంకాస్త సేపు పెద్ద మంటతో మండుతాయి, పొగ మాత్రం ఎక్కువ. మొద్దు అంటుకోవడం ఆలస్యం, కానీ గంటలు గంటలు మండుతుంది. కండరంలోనూ ఇలాంటి మూడు ఇంధనాలున్నాయి. మొదటి పది సెకన్ల దూకుడుకు కండరంలో ముందే నిలవున్న శక్తి. ఆ తర్వాత నిమిషం లోపు పనికి, ఆక్సిజన్ కోసం ఆగకుండా చక్కెరను గబగబా వాడేసే పద్ధతి. తొడలు మండినట్టు అనిపించేది ఇక్కడే. ఇక ఎక్కువసేపు సాగే పనికి, ఊపిరితో అందే ఆక్సిజన్‌తో నెమ్మదిగా మండించుకునే పద్ధతి. షిఫ్ట్‌లో ఖర్చయ్యేది ఎక్కువగా మొదటి రెండూ. బెంచీ మీద వాటిని తిరిగి నింపేది మూడోది. అందుకే రోజూ కాసేపు పరుగో, సైకిలో, ఈతో ఉన్న పిల్లలు మ్యాచ్ చివరి భాగంలో కూడా చురుగ్గా ఉంటారు.

టీచర్లకు గమనిక: "మర్నాడు వచ్చే ఒళ్ళునొప్పులకు కారణం లాక్టిక్ ఆమ్లం" అని చాలామంది చెబుతారు. అది సరికాదు. లాక్టేట్ ఆట ముగిసిన గంటా రెండు గంటల్లోనే తగ్గిపోతుంది. ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చే ఒళ్ళు తీపులు, అలవాటు లేని పని వల్ల కండరపు పోగుల్లో ఏర్పడే చిన్న చిన్న గాయాలవి. అవి వాటంతటవే మానతాయి.

ఏ భాగానికి ఏం పని?

పరిగెత్తేటప్పుడు నేలను వెనక్కి తంతాం. మంచు మీద అలా తంతే జారిపడతాం. బ్లేడు ముందుకు జారుతుంది కాబట్టి కాలిని పక్కకు, కొంచెం వెనక్కి నెట్టాలి. నెట్టిన కాలిని మళ్ళీ లోపలికి లాక్కోవాలి. బయటికి నెట్టే పని పిరుదులది, తొడలది. లోపలికి లాగి ఆపే పని గజ్జల్లోని కండరాలది. నడకలో, పరుగులో గజ్జలకు ఇంత పని ఉండదు. అందుకే ఐస్ హాకీలో గజ్జ కండరాలు తరచూ దెబ్బతింటాయి.

అమెరికాలోని వృత్తి ఆటగాళ్ళ మీద జరిగి 2001లో అచ్చయిన ఒక అధ్యయనం దీన్ని బాగా చూపించింది. కాలిని లోపలికి లాగే కండరాల బలం, బయటికి నెట్టే కండరాల బలంలో 80 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్ళకు గజ్జ గాయం అయ్యే అవకాశం 17 రెట్లు ఎక్కువని తేలింది. ఆ లెక్క పెద్దవాళ్ళది. పిల్లలకు మనం తీసుకోవాల్సిన సంగతి ఒకటే: ఈ ఆటకు వెళ్ళేముందు పది పదిహేను నిమిషాలు ఒళ్ళు వేడెక్కించే వ్యాయామం చేయాలి, గజ్జలకు బలమిచ్చే కసరత్తు కోచ్ నేర్పితే ఇంట్లో మానకూడదు.

ఇక నిలబడే తీరు. మోకాళ్ళు వంచి, నడుము కిందికి దించి, తల పైకెత్తి ఆడాలి. మన చిన్నప్పుడు బళ్ళో వేయించిన గోడకుర్చీ గుర్తుందా? గోడ లేకుండా, కదులుతూ ఆ గోడకుర్చీ వేస్తే ఎలా ఉంటుందో ఐస్ హాకీ నిలబడే తీరు అలా ఉంటుంది. ఆగేటప్పుడు రెండు బ్లేడులూ ఒక్కసారి అడ్డంగా తిప్పి మంచును గీరాలి. ఆ బరువంతా తొడలు మోస్తాయి. కర్రతో బలంగా కొట్టేది చేతులే అనుకుంటాం గానీ, ఆ బలం కాళ్ళ నుంచి, నడుము నుంచి వచ్చి భుజాల మీదుగా మణికట్టుకు చేరుతుంది. గోల్‌కీపర్ సంగతి వేరు. వాళ్ళు పరిగెత్తేది తక్కువే గానీ, మోకాళ్ళు లోపలికి మడిచి దబ్బున కిందికి పడటం, మళ్ళీ లేవడం మ్యాచ్ అంతా చేస్తూనే ఉండాలి. తుంటికీళ్ళ మీద ఆ భారం పడుతుంది.

కనిపించని దాహం

మస్కట్ ఎండలో ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు నీళ్ళు తాగమని చెప్పక్కర్లేదు, వాళ్ళే పరిగెత్తుకొస్తారు. రింకులో అలా కాదు. మంచు పైభాగం సుమారు మైనస్ 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. చుట్టూ చల్లగా ఉంటే ఒంటికి దాహం తక్కువగా తెలుస్తుంది. కానీ హెల్మెట్, భుజాలకు, మోచేతులకు ప్యాడ్లు, మందపాటి గ్లౌజులు, మోకాళ్ళ నుంచి పాదం దాకా రక్షణ, వీటన్నిటి లోపల ఒళ్ళు ఉడికిపోతుంది. చెమట బట్టల్లోనే ఇంకిపోతుంది కాబట్టి ఎవరికీ కనిపించదు. పెద్ద ఆటగాళ్ళు ఒక్క సాధనలోనే లీటరుకు పైగా చెమట పోగొట్టుకుంటారు.

ఒంటి బరువులో 2 శాతం నీరు తగ్గితే చురుకుదనం తగ్గడం మొదలవుతుంది. 30 కిలోల పిల్లవాడికి అది 600 మిల్లీలీటర్లు, అంటే చిన్న నీళ్ళ సీసా కంటే కాస్త ఎక్కువ. ఆటకు ముందు, తర్వాత బరువు చూస్తే తేడా తెలిసిపోతుంది. ఒక కిలో తగ్గిందంటే దాదాపు ఒక లీటరు నీరు పోయినట్టు. అలా దాహంతో ఉన్న పిల్లవాడు రింకు తలుపు తీసి ఒక్కసారిగా 40 డిగ్రీల ఎండలోకి, కాలిపోతున్న కారులోకి వస్తాడు. కారు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయేది ఇలాంటప్పుడే.

చేయాల్సింది చాలా తేలిక. 9 నుంచి 12 ఏళ్ళ పిల్లలు ఆడేటప్పుడు ప్రతి 20 నిమిషాలకూ 100 నుంచి 250 మిల్లీలీటర్ల నీళ్ళు తాగాలి. దాహం వేసినా వేయకపోయినా తాగాలి. చాలావరకు మామూలు నీళ్ళే చాలు. ఆట అయ్యాక పల్చటి మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసి ఇవ్వండి, ఇక్కడి లబన్‌లో నీళ్ళు కలిపినా సరే. ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు తోడైతే ఇంకా మంచిది. పిల్లలకు ఎనర్జీ డ్రింకులు మాత్రం వద్దు. ఇంటికొచ్చాక మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే నీళ్ళు చాలలేదని పిల్లలకే చెప్పండి. నవ్వుతారు గానీ మరచిపోరు.

కనిపించని దెబ్బ

పడటం, గోడకు గుద్దుకోవడం, ఒకరికొకరు తగలడం ఈ ఆటలో మామూలే. కావాలని ఒళ్ళుతో ఢీకొట్టి ఎదుటివాణ్ణి ఆపడం పెద్దల ఆటలో ఒక భాగం. పిల్లల ఆటలో దీనికి హద్దులున్నాయి. అమెరికాలో 2011 నుంచి, 13 ఏళ్ళు దాటిన విభాగాల్లోనే దాన్ని అనుమతిస్తున్నారు. కెనడాలో 2013 నుంచి 11, 12 ఏళ్ళ విభాగంలో తీసేశారు. మీ పిల్లలు ఆడేచోట నియమం ఏమిటో కోచ్‌ని అడిగి తెలుసుకోండి. అడగడంలో తప్పేమీ లేదు.

రక్షణ సామగ్రిలో మెడ పట్టీని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 2023 అక్టోబర్‌లో ఇంగ్లాండ్‌లో ఒక మ్యాచ్‌లో స్కేటు బ్లేడు మెడకు తగిలి ఆడం జాన్సన్ అనే ఆటగాడు చనిపోయాడు. ఆ తర్వాత అంతర్జాతీయ సమాఖ్య తన పోటీల్లో మెడ రక్షణను తప్పనిసరి చేసింది. మెడ పట్టీ లేకుండా పిల్లల్ని మంచు మీదికి పంపకండి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది తలదెబ్బ. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. లోపల మెదడు కుదుపుకు లోనవడాన్ని పూర్తిగా ఆపలేదు. కుండ పగలకపోయినా, గట్టిగా కుదిపితే లోపలి పెరుగు చెదురుతుంది కదా, అలాగన్నమాట. దీన్నే కంకషన్ అంటారు. స్పృహ తప్పకపోయినా కంకషన్ కావచ్చు. నెత్తురు కనిపించదు, వాపు కనిపించదు. తలకే తగలాలని కూడా లేదు, ఒంటికి తగిలిన గట్టి దెబ్బకు తల విసురుగా ఊగినా చాలు. తెలిసేది పిల్లవాడు చెప్పే మాటల వల్ల, వాడి తీరులో మార్పు వల్ల మాత్రమే. తల దిమ్ముగా ఉండటం, తల తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, కడుపులో తిప్పడం, ఇప్పుడే చెప్పింది మరచిపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఇవన్నీ గుర్తులే.

అనుమానం వచ్చినా సరే ఆట ఆపాలి. ఆ రోజు మళ్ళీ ఆడించకూడదు. డాక్టర్‌కి చూపించాలి. మొదటి ఒకటి రెండు రోజులు ఎక్కువ శ్రమ లేకుండా ఉంచి, ఫోన్లూ టీవీలూ తగ్గించాలి. చదువుకీ ఆటకీ మెల్లమెల్లగా, మెట్టు మెట్టుగా తిరిగి రావాలి, ఆటకు ముందు డాక్టర్ సరేననాలి. మళ్ళీ మళ్ళీ వాంతులవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మెడ నొప్పి ఉన్నా, మగతగా ఉండి లేపినా సరిగా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, చేయీ కాలూ బలం తగ్గినా ఒక్క క్షణం ఆగకుండా 9999కి ఫోన్ చేయాలి.

ఆ శుక్రవారం మన తరగతికి అలాంటి పిల్లవాడు వస్తే టీచర్ చేయాల్సిందేమిటి? చదివించకండి, రాయించకండి. అమ్మానాన్నలకు ఫోన్ చేయండి. "నిద్ర చాలలేదేమో" అని సర్దుకుపోకండి.

పిల్లలకు నేర్పాల్సిన మాటలు

ఈ మాటలు బట్టీ పట్టించేవి కావు. ఒక్కోటీ చేసి చూపిస్తూ, తేడా అడుగుతూ చెప్పించండి.

ఆయాసం, రొప్పు: షిఫ్ట్ అయ్యాక ఊపిరి అందకపోవడం. తెలంగాణ ఇళ్ళలో "గస" అంటారు. రెండు నిమిషాల్లో తగ్గాలి. తగ్గకపోతే చెప్పాలి.
మంట: తొడల్లో, పిక్కల్లో. ఆగితే తగ్గుతుంది.
పీకడం: "కాళ్ళు పీకుతున్నాయి." రోజంతా ఆడిన అలసట. కొన్ని ఇళ్ళలో "గుంజుతున్నాయి" అంటారు.
తీపులు: మర్నాడు ఒళ్ళంతా ఉండే నొప్పి. భయపడక్కర్లేదు.
పట్టేయడం: "పిక్క పట్టేసింది." కండరం ఒక్కసారి బిగుసుకుపోవడం.
లాగడం: ఒకే చోట, కదిపితే వచ్చే నొప్పి. ఆట ఆపి చెప్పాలి.
బెణకడం: చీలమండ, మణికట్టు లాంటి కీళ్ళు మెలిపడటం. వాపు ఉంటుంది.
కమలడం: దెబ్బ తగిలిన చోట చర్మం నల్లబడటం.
పోటు: ఉండి ఉండి పొడిచినట్టు వచ్చే నొప్పి. తలపోటు, పంటిపోటు.
సలపరం: దెబ్బ తగిలిన చోట లోపల కొట్టుకుంటున్నట్టు ఉండే బాధ.
తిమ్మిరి, కొంకర్లు పోవడం: స్కేటు తాడు బిగుతైతే పాదం తిమ్మిరెక్కుతుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి.
నాలుక పిడచగట్టడం: బాగా దాహమైన గుర్తు. దాహం, దప్పిక, దూప, మూడూ సరైన మాటలే.
కళ్ళు బైర్లు కమ్మడం, తల తిరగడం, తల దిమ్ము, వికారం: ఈ నాలుగింట్లో ఏది అనిపించినా వెంటనే పెద్దవాళ్ళకు చెప్పాలి. ఈ నియమాన్ని గోడ మీద రాసి పెట్టండి.

మన పిల్లల్లో కొందరిది కోస్తా, కొందరిది సీమ, కొందరిది తెలంగాణ. ఇంట్లో వాడే మాట వేరుగా ఉంటే దాన్ని దిద్దకండి, పట్టికలో చేర్చండి.

తరగతిలో ఇలా చేయొచ్చు (45 నిమిషాలు)

మొదటి 10 నిమిషాలు: పెద్ద చార్టు మీద ఒక పిల్లవాడి ఒంటి చుట్టూ గీత గీయండి. మెడ, భుజం, మోచేయి, మణికట్టు, నడుము, తుంటి, గజ్జ, తొడ, మోకాలు, పిక్క, చీలమండ, మడమ, ఒక్కోటీ పిల్లల చేతే రాయించండి.

తర్వాతి 10 నిమిషాలు: గోడకుర్చీ ఆట. 45 సెకన్లు వేయించండి, రెండు నిమిషాలు కూర్చోబెట్టండి, మళ్ళీ వేయించండి. మూడుసార్లు చాలు. శిక్షలా కాకుండా నవ్వుతూ చేయించండి. మోకాళ్ళ నొప్పి, ఉబ్బసం ఉన్న పిల్లలు గడియారం చూసే పని చేస్తారు. ప్రతిసారీ అడగండి: "ఇప్పుడు ఎక్కడ ఎలా ఉంది?" మొదటిసారి "నొప్పి" అన్న పిల్లలు మూడోసారికి "తొడలు మండుతున్నాయి టీచర్, కాళ్ళు వణుకుతున్నాయి" అంటారు.

తర్వాతి 15 నిమిషాలు: ఇద్దరిద్దరుగా సంభాషణ. ఒకరు నానమ్మ, ఒకరు ఆట నుంచి వచ్చిన మనవడో మనవరాలో. ఇలా మొదలుపెట్టొచ్చు.

"ఏమ్మా, ఆట ఎలా జరిగింది?"
"బాగా జరిగింది నానమ్మా. కానీ కాళ్ళు పీకుతున్నాయి."
"నీళ్ళు తాగావా తల్లీ?"
"కొంచెమే తాగాను. నాలుక పిడచగట్టింది."
"పడ్డావా ఎక్కడైనా?"
"గోడకు గుద్దుకున్నాను. మోచెయ్యి కమిలింది. తలకి తగల్లేదు, తల తిరగడం లేదు."

చివరి 10 నిమిషాలు: చిన్నవాళ్ళు మూడు వాక్యాలు, పెద్దవాళ్ళు పది వాక్యాలు రాయాలి. అంశం: "నేను ఆడే ఆటలో నా ఒంటికి ఏం పని?"

తల్లిదండ్రులకు

ఆట అయ్యాక కారులో మనం మొదట అడిగేది "గెలిచావా?" అని. రెండో ప్రశ్న "ఎన్ని గోల్స్?" అని. ఈ నెల ఒక మార్పు చేసి చూడండి. ముందు నీళ్ళ సీసా చేతికివ్వండి. తర్వాత "ఒళ్ళెలా ఉంది?" అని తెలుగులో అడగండి. "ఫైన్" అని జవాబొస్తే ఊరుకోకండి. "ఎక్కడైనా లాగుతోందా? తల ఎలా ఉంది?" అని రెండో ప్రశ్న అడగండి. నొప్పి చెబితే ఆట మాన్పించేస్తారన్న భయంతో చాలామంది పిల్లలు దాచేస్తారు. చెప్పినందుకు కోప్పడమనీ, నయమయ్యాక మళ్ళీ పంపిస్తామనీ ముందే మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

మా తరగతి బాబు ఆరు వారాల తర్వాత మళ్ళీ మంచు మీదికి వెళ్ళాడు. ఇప్పుడు సాధన నుంచి వచ్చిన ప్రతి శుక్రవారం, అడగకముందే చాప మీద కూర్చుంటూ చెబుతాడు: "టీచర్, ఇవాళ తీపులే, లాగడం లేదు."